స్విచ్‌ను నిషేధించాల్సిందే

గుట్కాను నిషేధించారు. పలచటి ప్లాస్టిక్ సంచులను నిషేధించారు. ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ ఫోన్‌తో నడిపే స్మార్ట్ హోమ్ అనే మహోద్యమానికి అడుగడుగునా అడ్డుపడుతున్న గోడ మీది స్విచ్ జోలికి మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పోలేదు. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక మామూలు మూడు పడకగదుల ఫ్లాటు తీసుకోండి. హాల్లో బల్బులు ఒక కంపెనీవి, బెడ్‌రూమువి ఆఫర్‌లో దొరికిన ఇంకో కంపెనీవి. ప్లగ్గులు మూడో కంపెనీవి. ఎవరి యాప్ వారిది, ఎవరి ఓటీపీ వారిది. బల్బు వెలిగించాలన్నా మనం ఎక్కడున్నామో లొకేషన్ చెప్పాలి. ఫోన్‌లో నొక్కిన ఆజ్ఞ రౌటర్‌లోంచి బయల్దేరి, ఏ దేశంలోనో ఉన్న సర్వర్‌ను దర్శించుకుని, మన నెత్తి మీదున్న బల్బుకు చేరుతుంది. ఇంత యాత్ర జరుగుతుండగా నాయనమ్మ లేచి స్విచ్ ఆర్పేస్తుంది. బల్బు ఆఫ్‌లైన్. ఇక దాన్ని ఏ యాప్ పిలిచినా పలకదు.

"లైటు ఆర్పితే ఆరిపోయింది కదరా, ఇంకేం కావాలి నీకు?" అంటుందావిడ. ఈ తర్కానికి టెక్నాలజీ దగ్గర ఇంతవరకు జవాబు లేదు. స్విచ్ ఎంత ప్రమాదకరమో ఇక్కడే అర్థమవుతుంది.

ఏసీ సంగతి వేరు. దానికి ఐఆర్ బ్లాస్టర్, అంటే రిమోట్‌లా పనిచేసే డబ్బా, సిగ్నల్ పంపుతుంది, ఏసీ విన్నదో లేదో దానికి తెలియదు. వాట్సాప్‌లో శుభలేఖ పంపినట్టే: పంపాం, మన బాధ్యత తీరింది. యాప్‌లో "ఆన్" అని కనిపిస్తుంటే చెమటలు పట్టినవాళ్ళదే తప్పు.

రాత్రి రెండున్నరకు పోయిన కరెంటు తిరిగి వస్తే చాలా బల్బులు ఫుల్ బ్రైట్‌నెస్‌తో వెలుగుతాయి. ఫ్యాక్టరీ సెట్టింగ్ అది. కొన్ని యాప్‌లలో ఏ మూలో 'పవర్ ఆన్ బిహేవియర్' అని ఉంటుంది, మార్చుకోవచ్చు. వెతికి మరీ మార్చుకునేవాళ్ళకు బ్రహ్మముహూర్తం విలువ తెలియదు. పాత ఫ్యాను 75 వాట్లు తినేచోట బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను దాదాపు 30 వాట్లతో తిరుగుతుంది. ఆదా అయిన కరెంటును ఈ వస్తువులన్నిటినీ కలిపి నడిపే హబ్బులూ, మాట వినే స్పీకర్లూ రాత్రింబవళ్ళు మేలుకుని పంచుకుంటాయి.

ఈ వస్తువులన్నీ ఒకే భాష మాట్లాడాలని 2019 డిసెంబర్‌లో అమెజాన్, ఆపిల్, గూగుల్, జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిని చూసుకునే జిగ్‌బీ అలయన్స్ చేతులు కలిపాయి. 2022 అక్టోబర్‌లో ఆ ఉమ్మడి భాష 'మ్యాటర్' తొలి వెర్షన్ వచ్చింది. అందులో కెమెరాలు లేవు, రోబో వాక్యూమ్‌లు లేవు. దాదాపు మూడేళ్ళలో బల్బూ ప్లగ్గూ పలకరించుకునే స్థాయికి వచ్చాయంటే సామాన్యమా!

కంపెనీ మూతపడితే ఎలా అని కొందరు పిరికివాళ్ళు అడుగుతారు. రివాల్వ్ అనే హబ్‌ను దాదాపు 300 డాలర్లకు, జీవితకాల సేవతో అమ్మారు. ఆ కంపెనీని నెస్ట్ కొనేసి, 2016 మేలో సర్వర్లు ఆపేసింది. జీవితకాలం అన్నారు నిజమే, ఎవరిదో కొన్నవాళ్ళు అడగాల్సింది.

అసలు ద్రోహులు ఇంకో జాతి. వీళ్ళు రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద, ఇంట్లోనే అన్నిటినీ నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటారు. జిగ్‌బీ సిగ్నల్ పంపే యూఎస్‌బీ పుల్లను (డాంగిల్) ఎక్స్‌టెన్షన్ వైరుతో కంప్యూటర్‌కు కాస్త దూరంగా జరుపుతారు, సిగ్నల్ చెడకుండా. వైఫై 1వ ఛానల్‌లో ఉంటే, రెండూ ఢీకొనకుండా జిగ్‌బీని 25కు మారుస్తారు. స్విచ్ బోర్డులో న్యూట్రల్ వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, స్విచ్ వెనకాల రిలే, అంటే ఫోన్ మాటా స్విచ్ మాటా వినే బుల్లి డబ్బా, దూర్చేస్తారు. ఇక ఇంటర్నెట్ పోయినా లైటు వెలుగుతుంది. యాప్ నొక్కినా వెలుగుతుంది. నాయనమ్మ స్విచ్ నొక్కినా వెలుగుతుంది! ఇంతటి రాజీ ధోరణి ఉద్యమానికి చేటు.

అందుకే నిషేధం కోరుతున్నాను. గీజర్‌కు మాత్రం మినహాయింపు ఇవ్వండి. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్‌కు తగిలించే వీరుల కోసం ఫైరింజన్లు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. చట్టం వచ్చేలోపు మిగతా స్విచ్‌లన్నిటి మీదా సెల్లోటేపు అంటించాలి. ఇంటికొచ్చిన చుట్టాలు బాత్రూమ్ లైటు కావాలంటే యాప్ వేసుకుని, ఓటీపీ కొట్టి, లొకేషన్ ఇచ్చి, అనుమతి వచ్చేదాకా ఆగాలి. అంత అర్జెంటైతే పక్కింటికి వెళ్ళొచ్చు, వాళ్ళది ఇంకా పాత స్విచ్చే.