పిల్లాడు అన్నం తినట్లేదా? ముందు పాల లెక్క చూడండి

‘ఏమీ తినడం లేదండీ, ఆకలికి ఏదైనా టానిక్ రాయండి.’ రెండేళ్ల పిల్లల తల్లులు డాక్టర్లను తరచూ అడిగే మాట ఇది. టానిక్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ బిడ్డ రోజుకు ఎన్ని పాలు తాగుతోంది?

3 కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి 9 కిలోల దాకా వస్తుంది. రెండో ఏడాది మొత్తంలో పెరిగేది 2, 2.5 కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. కొత్త కూర చూస్తే మూతి తిప్పేయడం మొదలయ్యేదీ ఆ వయసులోనే. ఇది జబ్బు కాదు. కానీ నిన్నటిదాకా గిన్నెడు ఉగ్గు తిన్న బిడ్డ నాలుగు ముద్దలకే లేచిపోతే ఇంట్లో టెన్షన్. ‘చిక్కిపోయాడు, నువ్వు సరిగా పెట్టట్లేదు’ అన్న మాట పడేది తల్లే. తండ్రిని ఎవరూ అడగరు.

ఆ భయంతోనే చేతికి ఫోన్ ఇస్తారు. చందమామను చూపిస్తూ పెట్టడమూ మాయ చేయడమే కదా అని కొందరంటారు. కాదు. చందమామను చూపించే అమ్మ బిడ్డ మొహం చూస్తూ ఉంటుంది, కడుపు నిండితే ఆమెకు తెలుస్తుంది. కార్టూన్ చూస్తూ నోరు తెరిచే బిడ్డకు తన కడుపు నిండిన సంగతే తెలియదు. ‘పప్పన్నం తింటే చాక్లెట్ ఇస్తా’ అనడమూ పనిచేయదు. లంచం ఇచ్చి తినిపించిన పదార్థం మీద పిల్లలకు ఇష్టం తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త లీఆన్ బర్చ్ 1980లలోనే అమెరికాలో ప్రయోగాలు చేసి చూపించారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పాలే. అన్నం తినలేదని గ్లాసుడు పాలు, అందులో రెండు చెంచాల చాక్లెట్ పొడి. దాంతో కడుపు నిండి తర్వాతి పూట అన్నం వద్దంటారు. మళ్లీ పాలే. ఆవు పాలలో ఐరన్ చాలా తక్కువ. పైగా ఇతర ఆహారంలోని ఐరన్‌నూ అవి ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. పేదరికం సహా దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ తిండికి లోటు లేని ఇళ్లలో పాల గ్లాసును అనుమానించాల్సిందే. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అర లీటరు మించకూడదు.

అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పద్ధతి నాకు సబబుగా తోస్తుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దలు చూసుకోవాలి. ఎంత తినాలన్నది బిడ్డకు వదిలేయాలి. అంటే అందరితో పాటు కూర్చోబెట్టి, కారం తగ్గించిన అదే బీరకాయ పప్పు పెట్టడం. వద్దంటే బతిమాలకుండా కంచం తీసేయడం, మధ్యలో బిస్కెట్లు ఇవ్వకపోవడం. ఒక కూర అలవాటు కావాలంటే పది, పదిహేను సార్లు కళ్ల ముందుకు రావాలి. తాతయ్య, నానమ్మలను ఒప్పించడమే ఇందులో కష్టమైన పని. ఆ పని తండ్రి తీసుకోవాలి.

బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, ఒకటి రెండు పదార్థాలు తప్ప ఏదీ ముట్టకపోయినా మాత్రం ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.