పెద్దాసుపత్రిలో రోగి గౌరవం ఎవరి డ్యూటీ?

పల్నాడు పల్లెల నుంచీ, బాపట్ల తీరం నుంచీ, ప్రకాశం మెట్ట ప్రాంతాల నుంచీ వచ్చి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం బారులు తీరే జనానికి అక్కడి వైద్యం మీద అపనమ్మకం లేదు. 1946లో ఏర్పడిన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధమైన ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లుంటారనీ, చేతి నుంచి లక్షలు పెట్టకుండానే ఆపరేషన్ అవుతుందనీ వారికి తెలుసు. అయినా చేరేముందు వెనకాడతారు. ఎవరు కసురుకుంటారో, ఎవరి చేతిలో ఎంత పెట్టాల్సి వస్తుందో అన్నదే వారి బెంగ. ‘వైద్యం బాగానే చేస్తారు, ఆ మాటలే పడలేం’ అనే మాట విజయవాడ పెద్దాసుపత్రి గురించీ వినిపిస్తుంది.

ఈ ఫిర్యాదు వచ్చినప్పుడల్లా తనిఖీకి వచ్చిన పెద్దలు ‘రోగులతో ప్రేమగా మాట్లాడండి’ అని సిబ్బందికి హితవు చెప్పి వెళ్తారు. కరుణను స్వభావానికి వదిలేసే ఈ ఆలోచనలోనే లోపముందని నా అభిప్రాయం. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి షిఫ్టులో దాన్ని పాటించే ప్రభుత్వ వార్డును చూపించడం కష్టం. వార్డంతా ఒక్కతే చూసుకోవాల్సిన సిస్టరు ఎంత మంచి మనిషైనా, సెలైన్ అయిపోయిందని అటెండెంటు నాలుగోసారి వచ్చి పిలిచేసరికి విసుక్కోకుండా ఉండలేదు. ఆ విసుగును ఆమె గుణంగా లెక్కగట్టినంతకాలం ఖాళీ పోస్టుల ప్రస్తావన రాదు.

మగవాళ్ల సర్జరీ వార్డులో ఉదయం రౌండ్లను తీసుకుందాం. ప్రొఫెసరు వెనుక పీజీలు, హౌస్ సర్జన్లు, వారి వెనుక విద్యార్థులు మంచం చుట్టూ మూగుతారు. వరిబీజం ఆపరేషన్‌కు వచ్చిన అరవై ఏళ్ల రైతు లుంగీని ఎవరో పైకి లాగుతారు. పక్క మంచానికి టిఫిన్ తెచ్చిన ఎవరింటి కోడలో తల తిప్పుకుంటుంది. చర్చ ఇంగ్లీషులో సాగుతుంటే, తన రోగం ముదిరిందేమోనని ఆ పెద్దమనిషి ఒక్కొక్కరి ముఖమే చూస్తుంటాడు. చివరికి అందరూ పక్క మంచానికి కదులుతారు. లుంగీ మాత్రం ఆయనే సర్దుకోవాలి.

మంచం పక్కన నిలబడి నేర్చుకోనిదే డాక్టరు తయారు కాడు కాబట్టి ఈ బోధన ఉండాల్సిందే. అయితే ‘పెద్దాయనా, వీళ్లు చదువుకుంటున్న పిల్లలు, మిమ్మల్ని చూపించి చెప్పనా?’ అని అడగడానికి అర నిమిషం చాలు. అడిగితే కాదనేవారు అరుదు. వైద్య విద్యలో వైఖరి, నైతికత, సంభాషణలను పాఠ్యాంశం చేస్తూ 2018లో అప్పటి భారత వైద్య మండలి ప్రత్యేక మాడ్యూల్ తెచ్చింది, 2019 ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి అది అమలులో ఉంది. తరగతి గదిలో విన్నదానికీ రౌండ్లలో ప్రొఫెసరు చేసేదానికీ పొంతన లేకపోతే విద్యార్థి రెండోదాన్నే వంటబట్టించుకుంటాడు. రోగిని అడిగాడా, పరీక్ష అయ్యాక దుప్పటి కప్పాడా అనేవాటికి ప్రాక్టికల్స్‌లో మార్కులు కోసే ఎగ్జామినర్లు కావాలి. అడ్డుతెరలది మరో కథ: మంత్రిగారి తనిఖీ ఉందంటే అవి ఎక్కడి నుంచో ప్రత్యక్షమవుతాయి.

ప్రసూతి వార్డు విషయంలో కేంద్రం కాస్త ముందే మేల్కొంది. 2017 డిసెంబరులో ప్రారంభించిన ‘లక్ష్య’ కార్యక్రమం కాన్పు గదిలో బల్లకూ బల్లకూ మధ్య తెరలు ఉండాలనీ, గర్భిణికి తోడుగా ఆమె కోరుకున్న మనిషిని అనుమతించాలనీ చెబుతుంది. నొప్పులకు అరిచిన పిల్లను నోటికొచ్చినట్టు తిట్టే అలవాటుకు ఇంతకంటే చవకైన మందు లేదు, తల్లో అత్తో పక్కన నిలబడి వింటుంటే ఎవరి నోరైనా కొంత అదుపులో ఉంటుంది. గది ఇరుకైన చోట ముందు బయటికి పంపేది మాత్రం ఆ తోడునే.

రోగిని అందరికంటే ఎక్కువగా తాకేది డాక్టరు కాదు, ఎంఎన్‌వోలూ ఎఫ్‌ఎన్‌వోలూ, అంటే వార్డులో సాయపడే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు. స్ట్రెచర్ తోసేదీ, బెడ్ పాన్ పెట్టేదీ వాళ్లే. వాళ్లు చాలని చోట ఆ పనులు బంధువుల మీద పడతాయి, ఉన్న చోట మామూళ్లు అడుగుతారు. మగబిడ్డకు ఒక రేటు, ఆడబిడ్డకు ఒక రేటు అన్నది ఊరందరికీ తెలిసిన సంగతే. ఇందులో చాలామంది అవుట్‌సోర్సింగ్ కింద తక్కువ జీతానికి పనిచేస్తున్నవారు. అది దబాయింపుకు సమర్థన కాదు. కానీ జీతం నెలనెలా చేతికందని మనిషి చేతుల్లో రోగి గౌరవాన్ని పెట్టి, గొడవైనప్పుడు ఒక ఆయాను తీసేసి చేతులు దులుపుకోవడం పాలన అనిపించుకోదు. 2015 ఆగస్టులో ఈ గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే ఎలుకలు కొరికిన పసికందు చనిపోయినప్పుడు రాష్ట్రమంతా నివ్వెరపోయింది. విచారణలు జరిగాయి, చర్యలు తీసుకున్నారు. అంత ఘోరం జరిగితే తప్ప కదలని యంత్రాంగానికి పైకెత్తిన లుంగీ ఎలా కనిపిస్తుంది?

ప్రైవేటులో పరిస్థితి మెరుగని అనుకునేవారు విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో బిల్లింగ్ కౌంటరు దగ్గర కాసేపు నిలబడితే చాలు. చేరేటప్పుడు వినిపించిన ‘సార్’, ‘మేడమ్’ అనే పిలుపులు బాకీ పడేసరికి ఆగిపోతాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం బిల్లు సాకుతో మృతదేహాన్ని ఆపకూడదంటుంది, మహిళా రోగిని పురుష డాక్టరు పరీక్షించేటప్పుడు మరో మహిళ ఉండాలంటుంది. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది కూడా. దాన్ని చదివిన రోగిబంధువు నాకైతే తారసపడలేదు.

ఆసుపత్రి సమీక్షలలో ఓపీ ఎంత, ఆపరేషన్లు ఎన్ని, కాన్పులు ఎన్ని అని అడుగుతారు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం అజెండాలో ప్రతి వార్డుకు ఎన్ని అడ్డుతెరలున్నాయి, రాత్రి షిఫ్టులో ఎంతమంది సిస్టర్లున్నారు, క్యాజువాలిటీ గుమ్మం దగ్గర స్ట్రెచర్ బాధ్యత ఏ వేళకు ఎవరిది, అవుట్‌సోర్సింగ్ జీతాలు ఏ తేదీన పడ్డాయి అన్న నాలుగు ప్రశ్నలు చేర్చడానికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు. జవాబులు నెలనెలా నోటీసు బోర్డు మీద పెడితే, సిబ్బందిని కసరాలో సూపరింటెండెంటును నిలదీయాలో రోగి బంధువులే తేల్చుకుంటారు.