కొబ్బరితోట అమ్ముకుని చియాంగ్ మాయ్ పోవాలా?

(మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, వచ్చే ఏడు యాభై నిండుతాయి. మావయ్య అమలాపురం దగ్గర పల్లెలో రిటైరైన మాస్టారు. గొడవంతా మేనల్లుడి రెండెకరాల తోట గురించి.)

మేనల్లుడు: యాభై రాగానే ఉద్యోగం మానేసి థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ ఊరికి పోతాను మావయ్యా. ఆ దేశంలో ఆ వయసు దాటినవాళ్లకి రిటైర్మెంట్ వీసా ఉంది. అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్ ఉండాలి, లేదంటే నెలకి 65 వేల బాత్ ఆదాయం. మన డబ్బుల్లో ఇరవై లక్షల పైమాటే, తోట అమ్మితే అది పోనూ బోలెడు మిగులుతుంది.

మావయ్య: ఏటా వీసా పొడిగించుకోవాలి, తొంభై రోజులకోసారి ఫలానా చోట ఉంటున్నానని ఇమిగ్రేషన్ వాళ్లకి చెప్పుకోవాలి, అది చెప్పవేం? సర్వీసంతా పిల్లలకి హాజరు వేసినవాణ్ణి, ఈ వయసులో హాజరు పలకమంటే నావల్ల కాదురా.

మేనల్లుడు: ఆన్‌లైన్‌లో కూడా చెప్పొచ్చులెండి. ఇక్కడేమైనా చవకా? మీ చదివింపుల పుస్తకం తియ్యండి. పోయిన మాఘంలో పెళ్లిళ్లు, ఓణీలు, గృహప్రవేశాలు, ఎవరిదో షష్టిపూర్తి... బియ్యానికీ చేపలకీ కాదు, మీ పెన్షన్ కవర్లకే పోతోంది.

(ఇది మాత్రం గట్టిగానే తగిలింది. లోపల అత్తయ్య నవ్వు వినిపించింది.)

మావయ్య: సరే, అక్కడ ఇల్లు కొంటావా? నేల విదేశీయుల పేర రాయరు. ఫ్లాటైతే కొనొచ్చు, అదీ బిల్డింగ్ మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకుండా ఉంటేనే.

మేనల్లుడు: అద్దెకుంటాను.

మావయ్య: ఉండు, ఎవడొద్దన్నాడు? తోట జోలికి మాత్రం రాకు. అక్కడ స్థిరపడితే నువ్వు ఎన్నారైవి. ఎన్నారై ఇక్కడ ఫ్లాట్ కొనుక్కోవచ్చు గానీ పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా, అదే విదేశీ మారకపు చట్టం, ఒప్పుకోదు. ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వస్తే పుచ్చుకోవచ్చు, అంతే. ఇప్పుడు అమ్మేశావనుకో, మళ్లీ వచ్చి ఇక్కడ ఉండిపోతే తప్ప ఒక్క సెంటు కొనలేవు, అప్పటికి రేటు ఎక్కడుంటుందో నీకే తెలియాలి.

మేనల్లుడు: ఉంచుకుని ఏం చెయ్యమంటారు? దింపుకి మనిషి దొరకడు, దొరికినా వచ్చిన డబ్బులో సగం అతనికే. తెల్లదోమ పట్టి ఆకుల మీద మసిలా పేరుకుంది, మొన్న దింపిన కాయలు చూశారుగా, గుప్పెడంత లేవు. 1996 నవంబరు తుఫానుకి నాన్న పడిపోయిన చెట్లు లెక్కపెడుతూ గట్టు మీద కూర్చున్నాడు. నాకా కొలువు వద్దు.

మావయ్య: లెక్కపెట్టి ఊరుకున్నాడా, మళ్లీ నాటాడు. నీకు ఓపిక లేకపోతే కౌలుకిచ్చేయ్, డబ్బులు నీ ఎన్నార్వో ఖాతాలో, అదే ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతాలో, పడతాయి.

మేనల్లుడు: కౌలు డబ్బులు వీసాకి ఏ మూలకి?

మావయ్య: వీసాకి పీఎఫ్ ఉందిగా. అసలు ముందు కొన్నాళ్లు ఉండి రా. చలికాలంలో కాదు, అప్పుడు ఎవరికైనా బాగుంటుంది. మార్చిలో వెళ్లు, పొలాలూ అడవులూ తగలబెట్టిన పొగ చియాంగ్ మాయ్‌ని కమ్మేస్తుందట, ఆ పొగలో నీ ఆస్తమా ఏమంటుందో చూసుకో. మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు. ఇంతకీ ఆ అమ్మాయి ఏమంటోంది?

మేనల్లుడు: ఇంకా చెప్పలేదు మావయ్యా.