దానంగా వచ్చిన ఇంటిని తగలబెట్టి నేర్చుకోవచ్చా?

ప్రమాదం జరిగిన చోటికి అందరికంటే ముందు చేరేది ఫైర్ ఫైటర్లు, అంబులెన్సు సిబ్బంది, పోలీసులు. వాళ్ల శిక్షణ కోసం జనం, కంపెనీలు ఉచితంగా ఇచ్చే ఇళ్లు, వాహనాలు, పరికరాలు తీసుకోవచ్చని చట్టం చెయ్యాలా? అమెరికాలో ఈ ప్రశ్న ఎప్పటినుంచో ఉంది. దాని మీద ఇక్కడ ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకరు వాలంటీర్ ఫైర్ స్టేషన్‌లో శిక్షణ ఇచ్చి రిటైరైన కెప్టెన్. ఇంకొకరు శిక్షణలో గాయపడిన వాళ్ల తరఫున వాదించే లాయరు. మనుషులు కల్పితం, వాళ్లు చెప్పే చట్టాలు, సంఘటనలు నిజం. నా మొగ్గు కెప్టెన్ వైపే. అయినా లాయరు అడిగినవాటికి జవాబు లేకుండా అలాంటి చట్టం రాకూడదనే నేనూ అంటాను.

కెప్టెన్: ఈ దేశంలో ఫైర్ ఫైటర్లు ముగ్గురుంటే వాళ్లలో దాదాపు ఇద్దరు వాలంటీర్లేనండీ. పగలంతా ఎక్కడో ఉద్యోగం చేసుకుని సాయంత్రం డ్రిల్‌కి వస్తారు. మంట పెట్టి నేర్పడానికి ప్రత్యేకంగా కాంక్రీటు భవనం కట్టుకునే స్తోమత చిన్న స్టేషన్లకి ఉండదు. ఉన్నా, నాలుగైదు సార్లు లోపలికి వెళ్లాక మెట్లెక్కడో, కిటికీ ఎక్కడో అందరికీ కంఠతా వచ్చేస్తుంది. కూల్చేయబోయే మామూలు ఇల్లు దొరికితే అలా కాదు. గోడ వెనక ఏముందో తెలీదు, పొగ ఎటు తిరుగుతుందో తెలీదు. రేపు వాళ్లు వెళ్లాల్సింది అలాంటి ఇంట్లోకే కదా.

లాయరు: ఆ తెలియకపోవడమే ప్రాణం తీస్తుంది కూడా, కెప్టెన్ గారూ. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రం లెయిర్డ్స్‌విల్‌లో జరిగింది మీకు తెలుసు. ఖాళీ ఇంట్లో డ్రిల్. కొత్తగా చేరిన 19 ఏళ్ల కుర్రాణ్ణి మంటల్లో చిక్కుకున్న బాధితుడిగా పై అంతస్తులో ఉంచారు. కింద ఫోమ్ పరుపు అంటుకుంది. అతను ప్రాణాలతో బయటికి రాలేదు. డ్రిల్ నడిపించిన అసిస్టెంట్ చీఫ్‌కి కోర్టులో శిక్ష పడింది. 2007లో బాల్టిమోర్‌లో ఇంకో ఖాళీ ఇల్లు, ఒకేసారి చాలా చోట్ల మంటలు. అక్కడ శిక్షణ పొందుతున్న అమ్మాయి చనిపోయింది.

కెప్టెన్: ఆ రెండూ చెప్పకుండా నేను ఏ క్లాసూ మొదలుపెట్టలేదు. 1982లో కొలరాడోలోని బౌల్డర్‌లో శిక్షణ మంటలో ఇద్దరు పోయారు. ఆ తర్వాత 1986లో శిక్షణ మంటల కోసం ఎన్‌ఎఫ్‌పీఏ (జాతీయ అగ్నిప్రమాద నివారణ సంఘం) 1403 అనే ప్రమాణం వచ్చింది. బతికున్న మనిషిని బాధితుడిగా లోపల పెట్టకూడదని అది చెబుతుంది. ఇలాంటి ఇళ్లలో ఒకసారికి ఒకే మంట ఉండాలి. పెట్రోలు లాంటివి వాడకూడదు. మీరు చెప్పిన రెండు చోట్లా ఈ నియమాలు తప్పారు. ఇల్లు ఎలా వచ్చిందన్నది ఆ మరణాలకి కారణం కాదు.

లాయరు: ఒప్పుకుంటాను. కానీ ఎన్‌ఎఫ్‌పీఏ ప్రభుత్వం కాదు, ఒక సంస్థ. రాష్ట్రం తన నిబంధనల్లోకి తీసుకుంటేనే ఆ ప్రమాణానికి చట్టబలం. "ఇళ్లు తీసుకోండి" అని రాసేవాళ్లు "1403 పాటించి తీరాలి" అని కూడా పక్కనే ఎందుకు రాయకూడదు? మొదటి వాక్యం చట్టంలో ఉండి, రెండోది శిక్షకుడి మంచితనానికి వదిలేస్తే నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

కెప్టెన్: రాయండి, నాకేం అభ్యంతరం లేదు. ఇళ్ల సంగతి కాసేపు పక్కన పెడదాం. పరికరాల విషయంలో జరిగిన నష్టం చూడండి. బాగా పనిచేసే పాత పరికరాల్ని కంపెనీలు, పెద్ద ఊళ్ల ఫైర్ శాఖలు పారేసేవి, నాశనం చేసేవి. ఇస్తే రేపు ఎవరైనా దావా వేస్తారని భయం. టెక్సస్ 1997లో చట్టం చేసి దాతలకి ఆ భయం తగ్గించింది. అప్పటినుంచి అక్కడి అటవీ శాఖ దానాలు సేకరించి, చూసి, చిన్న స్టేషన్లకి పంచుతోంది. అలాంటి ఫెడరల్ (కేంద్ర) బిల్లు 2004లో ప్రతినిధుల సభలో నెగ్గింది గానీ చట్టం కాలేదు.

లాయరు: టెక్సస్ ఉదాహరణలో నాకు నచ్చింది మధ్యలో ఒక శాఖ ఉండటం. చాలామంది అది మరిచిపోయి, దాత మీద దావా వెయ్యకూడదన్న ముక్క ఒక్కటే ఎత్తి రాసుకుంటారు. దాత తప్పుకున్నాడు, సరే. మరి పరికరం పాడై ఉంటే ఆ భారం ఎక్కడికి పోయింది? వేసుకున్న కుర్రాడి మీదికి. మంటల్లోకి వేసుకెళ్లే కోటు, ప్యాంటు తయారైన పదేళ్లకి పక్కన పెట్టాలని ఎన్‌ఎఫ్‌పీఏదే ఇంకో ప్రమాణం చెబుతోంది. కార్బన్ ఫైబర్ గాలి సిలిండర్‌ని అయిదేళ్లకోసారి పరీక్ష చేయించాలి, సాధారణంగా 15 ఏళ్లకి మూలన పడెయ్యాలి. దానాలు వచ్చేది ఎక్కువగా ఆ గడువుల అంచుకి చేరాకే.

కెప్టెన్: గడువు దాటిన కోటుని మంట లేని డ్రిల్‌లో వాడుకోవచ్చు, దాని మీద ఆ గుర్తు వేసి. నిచ్చెన ఎక్కడం, గొట్టం లాగడం, మనిషిని మోసుకు రావడం, వీటికి అది చాలు. అన్నీ మంటలోకే వెళ్లవండీ.

లాయరు: గుర్తు వెయ్యాలని ఆ స్టేషన్‌లో అందరికీ తెలిస్తే కదా! సరే, ఇంకో సంగతి. ప్రభుత్వ శాఖలు దానాలు తీసుకోకూడదన్న అడ్డు ఎవరి మూర్ఖత్వమూ కాదు. ఫెడరల్ శాఖకి ఎవరైనా డబ్బిస్తే, వేరే అధికారం లేకపోతే అది ఖజానాకి జమ చెయ్యాలి. ఊరికే చేసిపెట్టే సేవని శాఖలు తీసుకోకూడదని 1884 నుంచే చట్టం ఉంది, ప్రాణాపాయం లాంటి అత్యవసరాలకి తప్ప. ఖర్చు మీద పట్టు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేతిలో ఉండాలని అలా పెట్టారు. దానాలతో శాఖ నడిచిపోతోందంటే వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఆ పద్దు కోసేస్తారు.

కెప్టెన్: అందుకే కదా ప్రత్యేకంగా చట్టం కావాలంటున్నాం. విపత్తు సాయానికి స్టాఫర్డ్ చట్టం దానాలు తీసుకునే అధికారం ఇచ్చింది. దానివల్ల ఆ బడ్జెట్ ఏమీ ఆగిపోలేదే. శిక్షణకి మాత్రం ఎందుకు ఉండకూడదు?

లాయరు: విపత్తు వచ్చాక ఇచ్చేవాడు అప్పటి జాలితో ఇస్తాడు. శిక్షణకి ఇచ్చేవాడికి ముందే ఒక లెక్క ఉండొచ్చు. విస్కాన్సిన్‌లో సరస్సు పక్కన ఇల్లున్న దంపతులు, దాన్ని కూల్చి కొత్తది కట్టుకోవాలనుకుని, తగలబెట్టి నేర్చుకోమని ఫైర్ శాఖకిచ్చారు. పన్నులో 76,000 డాలర్ల మినహాయింపు అడిగారు. 2012లో అప్పీలు కోర్టు కుదరదంది. వాళ్లకి కూల్చివేత ఖర్చు ఆదా అయింది, కాలిపోవడానికే ఇచ్చిన ఇంటికి అంత విలువ లేదు, అని. అది ఇద్దరు మనుషుల విషయం. అదే ఒక రసాయనాల కంపెనీ శిక్షణకి ట్యాంకర్ ఇచ్చి, రేపు అదే ఫైర్ శాఖ ఆ కంపెనీ గోదాము తనిఖీకి వెళ్తే?

(ఇక్కడ కెప్టెన్ కొంచెం ఆలోచించాడు. నాకూ ఈ వాదనలో అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇదే అనిపించింది.)

కెప్టెన్: ఎవరు ఏమిచ్చారో జనం చూసేలా పెట్టాలి. తనిఖీ చేసే విభాగం వేరు, దానం తీసుకునే విభాగం వేరు అని రాయాలి. అంతకంటే నాకు తోచట్లేదు. కానీ కంపెనీల్ని పూర్తిగా దూరం పెడితే మేం నేర్పలేనివి ఉన్నాయి. తుక్కు దుకాణం నుంచి తెచ్చుకున్న పాత కారుని కోసి నేర్చుకున్నవాడు ఇవాళ్టి కారు దగ్గర ఆగిపోతాడు. కారు పైకప్పుని మోసే స్తంభాల్లో గట్టి బోరాన్ స్టీలు ఉంటుంది, పాత కటర్ దిగదు. ఎలక్ట్రిక్ కారులో హై వోల్టేజి కరెంటు వెళ్లే నారింజ రంగు కేబుల్ ఎక్కడ కొయ్యకూడదో తెలియాలి. అమ్మడానికి వీల్లేని ట్రయల్ కార్లు తయారీదారుల దగ్గర ఉంటాయి. వాటిని తుక్కు చేసే బదులు మాకిస్తే లోపల ఇరుక్కున్నవాడికి నిమిషాలు కలిసొస్తాయి.

లాయరు: అది కాదనలేను. నేను అడిగేది ఒక్కటే. దానంగా వచ్చినవాటి తనిఖీకి డబ్బు ఎవరిస్తారు? ఇంటినే తీసుకోండి. తగలబెట్టే ముందు ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ తీసెయ్యాలని ఫెడరల్ నిబంధన. ముందు సర్వే, తర్వాత తొలగింపు. ఇల్లు ఉచితమే గానీ ఈ పని ఉచితం కాదు. మీ వాలంటీర్ స్టేషన్ దగ్గర అంత డబ్బుంటే దానం దాకా ఎందుకొస్తారు?

కెప్టెన్: రాష్ట్రం భరించాలి.

లాయరు: బిల్లులో ఆ పద్దు ఉందా?

కెప్టెన్: మామూలుగా ఉండదు. అదే ఉండాలంటే కొన్ని బిల్లులు అసలు ఓటు దాకా రావండీ. అప్పుడు మా పిల్లలు ఏ శిక్షణా లేకుండా మొదటిసారి మంటని నిజం ఇంట్లోనే చూస్తారు, లోపల మనుషులు ఉన్నప్పుడు.

లాయరు: ఆ బిల్లుని ఆపమని నేను అనట్లేదు. డబ్బు లేని ఏడాది ఇళ్లు, గాలి సిలిండర్లు తీసుకోకండి. నిచ్చెనలు, గొట్టాలు, బ్యాటరీ తీసేసిన కార్లు తీసుకోండి. తనిఖీ పద్దు వచ్చాక మిగతావి. ఈ వరుస చట్టంలోనే రాయించండి. అలా అయితే మీతో కలిసి కమిటీ ముందుకొచ్చి నేనూ మాట్లాడతాను.

కెప్టెన్: సిలిండర్ల విషయంలో సరే. ఇళ్ల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఆస్‌బెస్టాస్ లేదని సర్వేలో తేలిన ఇంటిని డబ్బు లేని ఏడాది కూడా వదులుకోను.

లాయరు: ఆ సర్వేకి డబ్బు?

కెప్టెన్: అది దాతే కట్టి, కాగితం చేతికిచ్చాకే ఇల్లు తీసుకుంటాం. అలా రాయండి.