దవడలున్నా నోరు విప్పని వైస్ గారికి

పాత బెంచ్ వైస్ గారికి,

నమస్కారం. ‘గారు’ అనడం ఈ ఒక్కసారికే. నీ వయసెంతో తేలాక మర్యాద సంగతి చూద్దామనుకున్నాను. అది తేలేలా లేదు కాబట్టి ఇకనుంచి నువ్వే.

నా బల్ల ఎక్కి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో నువ్వు పట్టుకున్నది నన్ను ఒక్కణ్నే. అసలు నిన్ను తెచ్చుకున్నది రంపాన్ని నీ దవడల మధ్య బిగించి పదును పెట్టుకోవడానికి. ఆ రంపం మేకుకి వేలాడుతూ ఇప్పటికీ మొద్దుగానే ఉంది. నేను మాత్రం రాత్రిళ్లు టార్చిలైటు, భూతద్దం పట్టుకుని నీ పొట్ట కింద దేవులాడుతున్నాను.

నిన్ను చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: ‘అబ్బో, వందేళ్ల నాటిది!’ తుప్పు పట్టిన ప్రతిదానికీ జనం వందేళ్లు వేసేస్తారు. రెండేళ్లు వానలో వదిలేస్తే మొన్న కొన్న వైస్ కూడా నీ అంత ముసలిదైపోతుంది. ఆ సంగతి నీకు బాగా తెలుసు. అందుకే గ్రీజు, మట్టి, మూడు పొరల రంగు కప్పుకుని, కిక్కురుమనకుండా పెద్దమనిషిలా కూర్చున్నావు.

మొదటివారం నీ నుదుటి మీద ‘4’ కనబడింది. ఎంత సంబరపడ్డానో! నాలుగో మోడల్ అనుకున్నాను. తెగించి, నిన్ను చేసిన కంపెనీ పోసిన నాలుగో వైస్ నువ్వే అని కూడా అనుకున్నాను. ఎందుకైనా మంచిదని స్కేలు పెట్టి చూస్తే నీ దవడ వెడల్పు సరిగ్గా నాలుగు అంగుళాలు. అది నీ చొక్కా సైజన్నమాట.

తర్వాత సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దాను. ఉబ్బెత్తు అక్షరాలుంటే తెల్లగా తేలతాయి కదా. మూడు ఇంగ్లీషు అక్షరాలు తేలాయి: పి, ఎ, టి. ఎవరో పాట్ దొరగారి కంపెనీ కాబోలని పది రోజులు వెతికాను. ఆయన ఎంత గొప్పవాడంటే, నేను చూసిన పాత పనిముట్లలో సగం ఆయన పేరుతోనే ఉన్నాయి! పదకొండో రోజున బుర్ర వెలిగింది. పాట్ అంటే పేటెంట్.

ఆ పేటెంట్ పక్కనే తేదీ కూడా పెట్టావు, మెచ్చుకున్నాను. నవంబరు 13, 188... చివరి అంకె దగ్గరికొచ్చేసరికి నీ బుద్ధి చూపించావు. ఎడమవైపు కొంచెం చితికింది. 3 కావచ్చు, 8 కావచ్చు. అప్పుడు నాకో కిటుకు దొరికింది. అమెరికాలో పేటెంట్లు మంగళవారాల్లోనే ఇచ్చేవాళ్లు, ఇప్పటికీ అంతే. చదివిన తేదీ మంగళవారం కాకపోతే మనం తప్పు చదివినట్టే. ఇక దొరికిపోయావు అనుకుంటూ పాత క్యాలెండరు తీశాను. 1883 నవంబరు 13, మంగళవారం. భేష్. 1888 నవంబరు 13... అదీ మంగళవారమే! మధ్యలో రెండు లీపు రోజులు పడి, అయిదేళ్లకల్లా వారాలు మళ్లీ మొదటికొచ్చాయి. కావాలనే చేశావు కదూ?

అంకె తేలినా అది నీ పుట్టినరోజు కాదనుకో. ఆ రోజు ఎవరిదో ఒక ఆలోచనకి హక్కు దక్కింది, అంతే. ఆ హక్కు అప్పట్లో 17 ఏళ్లు నడిచేది. అదే నమూనాతో ఎన్నాళ్లు పోతపోశారో ఎవరు చూడొచ్చారు? అంతకుముందు నువ్వు పుట్టలేదని మాత్రం బల్ల గుద్ది చెప్పగలను, నువ్వు దిగితే.

లోకంలో బుద్ధిమంతులైన వైసులు లేకపోలేదు. 1941లో షికాగోలో మొదలైన విల్టన్ వాళ్ల పాత వైసులకి జారే భాగం అడుగున తేదీ గుద్ది ఉంటుంది. అదీ తిన్నగా చెప్పేవాళ్లు కాదు, గ్యారంటీ ముగిసే తేదీ వేసేవాళ్లు. అందులోంచి అయిదేళ్లు తీసేయాలి. పర్వాలేదు, తీసివేతలు మాకొచ్చు. ఇంగ్లండులోని షిప్లీలో పార్కిన్సన్ వాళ్లైతే తమ వైస్‌కి ‘పర్ఫెక్ట్’ అని తామే పేరు పెట్టుకుని పోతలోనే రాసుకున్నారు. సిగ్గు లేకపోయినా చిరునామా అయినా ఉంది. నీ పక్కటెముక మీద పేరని మిగిలిందల్లా మొదట ఒక ‘పి’, ఆ తర్వాత గతుకులు. పార్కర్, ప్రెంటిస్, పార్కిన్సన్... వైసులు చేసినవాళ్లకి అక్షరమాలలో ఇంకో అక్షరమే దొరకలేదా?

మూడో నెలలో నిన్ను విప్పాను. స్క్రూ తిప్పుకుంటూ పోతే ముందు దవడ ఊడొచ్చి ఒళ్లో పడింది. లోపల రెండు నంబర్లు, ఒకదానికొకటి పొంతన లేదు. నీ ముందు సగం వేరే వైస్‌దని తీర్మానించుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారాక తెలిసింది, అవి పోత నంబర్లని, ఏ భాగం నమూనాది ఆ భాగానికే ఉంటుందని. సరే, ఆ నిద్ర నీ ఖాతాలో రాసుకో.

గ్రీజు తుడుస్తుంటే దవడ మెడ దగ్గర సన్నగా ఒక పసుపు గీత కనబడింది. గోటితో గీరితే మెరిసింది. ఇత్తడి అతుకు. పోత ఇనుము నొక్కుడుకి ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ సుత్తి దెబ్బకి పగులుతుంది. ఎవడో నిన్ను దాగలి అనుకున్నాడు. ఇంకెవరో నిన్ను అవతల పారెయ్యకుండా, ఎర్రగా కాల్చి, ఇత్తడి కరిగించి ఓపిగ్గా అతికారు. ఆ గీత మీద వేలు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. (కరిగిపోయానని అనుకోకు. నడుం పట్టేసింది.)

‘గ్రైండర్ పెట్టి మెరిపించి ఎర్ర రంగు కొట్టెయ్’ అని సలహా ఇచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపించేశాను. మిగిలిన ఆ నాలుగు అక్షరాలూ పోతే నువ్వూ నేనూ ఏం మాట్లాడుకుంటాం? చాకలి సోడా కలిపిన నీళ్లలో ముంచి, బ్యాటరీ ఛార్జర్ తగిలించి రెండు రోజులు ఉంచాను. (ఇది చదివి ఎవరైనా చేస్తే, ఛార్జర్ రెండో కొసకి మామూలు ఇనుప ముక్కే పెట్టండి. స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే నీళ్లలోకి క్రోమియం విషం దిగుతుంది.) తుప్పు నల్లటి మడ్డిలా ఊడిపోయింది. బ్రష్షు కొట్టి చూద్దును కదా, ‘పి’కి కొత్తగా ఒక కాలు మొలిచింది. అది ‘పి’ కాదు, ‘ఆర్’!

మూడు నెలలు పార్కర్ల వెంట తిరిగాను. ఇప్పుడు అమెరికాలోని ఎరీ ఊళ్లో వైసులు చేసే రీడ్ వాళ్లు మూటాముల్లెతో దిగారు.

నిన్న రాత్రి విసుగెత్తి ఆ రంపం తీశాను. రెండు చెక్కపేళ్ల మధ్య పెట్టి, పళ్లు కాస్త పైకి కనబడేలా నీకు అప్పగించాను. ఉడుంపట్టు పట్టావు. ఆకురాయి గీసిన ప్రతిసారీ అదురుతుందేమో అని చూశాను. అణువంత కదలలేదు. అరగంటలో పనైపోయింది. నిన్ను మెచ్చుకుందామని నోరు తెరుస్తూ పట్టు వదులు చేశానో లేదో, హ్యాండిల్ సర్రున జారి, దాని గుండుకీ స్క్రూ తలకీ మధ్య నా అరచేతి చర్మం ఇరికించింది.

నాలుగు నెలల్లో నువ్వు అన్న మొదటి మాట అది.

ఇట్లు,
ఎడమచేత్తో రాస్తున్న నీ యజమాని

తా.క.: మంట తగ్గాక మళ్లీ సుద్ద రుద్దాను. నాకైతే 3 అనే అనిపిస్తోంది.