అయస్కాంతం అంటలేదని కొనేస్తే ఎలా?

రైస్ మిల్లులో వేడి నీళ్లకైనా, డెయిరీలో పాలు కాచడానికైనా కొత్త హీట్ ఎక్స్ఛేంజర్ (ఒకదాని వేడిని ఇంకోదానికి, రెండూ కలవకుండా అందించే పరికరం) ధర వినగానే వరంగల్, పెద్దపల్లి వైపు చిన్న యజమానులు పాత సామాను యార్డుల బాట పడతారు. అందులో తప్పేం లేదు. సామాను ఇంతకుముందు ఏం పని చేసిందో అడక్కుండా, కిలోల లెక్కన బేరమాడటంతోనే నాకు పేచీ.

యార్డులో ఒక తంతు ఉంటుంది. అమ్మేవాడు షెల్‌కు, అంటే ట్యూబుల చుట్టూ ఉండే పైడొల్లకు, అయస్కాంతం ఆనిస్తాడు. అంటదు. "చూశారా సార్, త్రీ సిక్స్‌టీన్" అంటాడు. 304, 316 అనేవి స్టెయిన్‌లెస్ స్టీలు రకాలు. నిజానికి 304కూ అంటదు, 316కూ అంటదు. 316లో 2-3 శాతం మాలిబ్డినం ఉంటుంది, నీళ్లలోని ఉప్పు లాంటి క్లోరైడ్లను తట్టుకునే బలం దానిదే. అది ఉందో లేదో ఎక్స్‌రే గన్‌తో చేసే లోహ పరీక్షలో తేలుతుంది. పైగా ఆయన చూపించింది షెల్‌ను. లోపలి ట్యూబులు వేరే లోహం కావచ్చు. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు 60 డిగ్రీలు దాటి కాగితే 304 ట్యూబులు సన్నగా పగిలే ప్రమాదం ఉంది. కాబట్టి యార్డుకు వెళ్లేముందే మన నీళ్లు ల్యాబ్‌కు వెళ్లాలి.

"ప్రెషర్ పెట్టి చూపిస్తాం" అనే మాటా వింటాం. ఇవాళ లీకు లేదని తప్ప ఆ పరీక్ష ఏమీ చెప్పదు. 2 మిల్లీమీటర్ల ట్యూబు గోడ సగం అరిగినా పాస్ కావచ్చు. స్టెయిన్‌లెస్ ట్యూబులకు ఎడ్డీ కరెంట్ పరీక్ష (ట్యూబులోకి ప్రోబ్ పంపి గోడ అరుగుదల, పగుళ్లు పట్టేది) అడగండి. నేమ్‌ప్లేట్ పీకేసి, కాగితాలూ లేకపోతే బేరమే వద్దు. ఎంత ప్రెషర్‌కు చేశారో తెలియని దాన్ని ఆవిరి లైనుకు తగిలిస్తామా?

పలుచటి రేకులకు ఒకవైపు కాచిన పాలు, మరోవైపు పచ్చిపాలు పారే డెయిరీల ప్లేట్ రకం ఇంకా చిక్కు. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచినా, ప్లేటుకు సూదిమొనంత చిల్లు ఉంటే పచ్చిపాలు వచ్చి కలవొచ్చు. కాచిన పాల వైపు ప్రెషర్ ఎక్కువ ఉంచేది అందుకే. ప్లేట్ల మధ్య గట్టిపడిన గ్యాస్కెట్లన్నీ (లీకు ఆపే రబ్బరు పట్టీలు) మార్చే ఖర్చు కలపకుండా చెప్పే ధర ధరే కాదు.

కొన్నాక చాలాచోట్ల జరిగే పాపం బాత్‌రూమ్ యాసిడ్‌తో కడగడం. సున్నపు పొర పోతుంది, దాంతోపాటు స్టెయిన్‌లెస్ కూడా గుంటలు పడుతుంది. సల్ఫామిక్ యాసిడ్ వాడి, తర్వాత నీళ్లతో బాగా కడగాలి. లోపలికి, బయటికి వెళ్లే ఉష్ణోగ్రతలు, ప్రెషర్లు రోజూ ఒక నోట్‌బుక్కులో రాస్తే ఎప్పుడు కడగాలో తెలుస్తుంది. మరీ తరచుగా కడగాల్సి వస్తుంటే నీళ్ల కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ ఖర్చు గిట్టుబాటవుతుందో లేదో కూడా అందులోనే లెక్క తేలుతుంది.