మహారాజశ్రీ ‘మార్చి చూద్దాం’ గారికి

అయ్యా,

మనకు పరిచయమైంది మార్చి నెలలోనే. పేరు చూసి, నెలతోపాటే వెళ్లిపోతారనుకున్నాను. ఆషాఢం వచ్చింది, ఊరంతా బోనాలెత్తింది. మీరు మాత్రం మా పాత వ్యాన్‌ను వదలలేదు.

మా వ్యాన్ సంగతి మీకు తెలియనిది కాదు. ఏడు సీట్లు, పెట్రోలు, ముందు సీట్ల కిందే ఇంజిను. పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లకూ యాదగిరిగుట్టకూ మమ్మల్ని మోసింది. ఒకరోజు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగగానే చలిజ్వరం వచ్చినట్లు వణికింది. డ్యాష్‌బోర్డు మీది వినాయకుడే గుంజీళ్లు తీశాడు. పచ్చదీపం పడి ఆక్సిలరేటర్ తొక్కగానే ఏమీ ఎరగనట్లు ముందుకు సాగింది. మీటర్ల మధ్య పసుపురంగు ఇంజిన్ బొమ్మ మాత్రం వెలిగి కూర్చుంది. ఆ దీపం మిణుకుమిణుకుమంటే బండి వెంటనే ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. మాది నిలకడగానే వెలిగింది, అందుకే మీకు ఇంత తీరిక దొరికింది.

గ్యారేజీలో స్కానర్ తగిలించారు. పి0303 అని వచ్చింది. మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోలు సరిగా మండడం లేదని దానర్థం, అంతే. ఒంట్లో ఎవరికి బాగాలేదో చెబుతుంది, జబ్బేమిటో చెప్పదు. నిలబడి ఉన్న బండిలో ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ 400 సార్లు మండాలి. మూడోది మధ్యమధ్య ఎగ్గొడుతుంటే ఇంజిన్ తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ తడబడుతుంది, ఆ తడబాటును సెన్సర్ పసిగడుతుంది. ఎందుకు ఎగ్గొడుతోంది? నిప్పురవ్వ అందకనా, పెట్రోలు అందకనా, గాలి లెక్క తప్పా, సిలిండర్ లోపలి ఒత్తిడి, అంటే కంప్రెషన్ తగ్గా? మెకానిక్ తల గోక్కుంటూ నోరు తెరిచాడు. అందులోంచి మీరు దిగారు.

“ముందు ప్లగ్గులు మార్చి చూద్దాం సార్.”

ప్లగ్గులు 1,200. తర్వాత ప్లగ్గులకు కరెంటు అందించే కాయిళ్లు. మూడో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికీ, రెండోదాన్ని మూడోదానికీ పెట్టి ఉంటే పైసా ఖర్చు లేకుండా తేలిపోయేది. సంకేతం పి0302కు మారితే కాయిల్ దోషి, పి0303 దగ్గరే ఉంటే నిర్దోషి. ఆ మాట నేనంటే, “ఒకటి పోయిందంటే మిగతావీ పోతాయి సార్, నాలుగూ మార్చి చూద్దాం” అన్నారు. 9,600. అసలు ఒకటైనా పోయిందో లేదో తెలియకుండానే మిగతావాటి ఆయుర్దాయం లెక్కగట్టిన జ్యోతిషం మీది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల శుభ్రతకు 2,500, గాలి దారికి తలుపులాంటి థ్రాటిల్ బాడీ కడగడానికి 800. మధ్యలో ఒకాయన నేరమంతా పెట్రోలులో కలిపే ఇథనాల్ మీదికి నెట్టాడు. ఇథనాల్‌కు నోరు లేదు కాబట్టి ఒప్పుకుంది. అదే పెట్రోలు తాగుతున్న మిగతా మూడు సిలిండర్లకు ఏ రోగమూ ఎందుకు లేదని అడిగితే, నాకు టీ చెప్పాడు.

చివరికి ట్యాంకులోని ఫ్యూయల్ పంపు, 7,400. ఇక్కడే నాకు మీ మీద నిజంగా కోపం వచ్చింది. పంపు నీరసపడితే బండి ఎత్తెక్కేటప్పుడో వేగం అందుకునేటప్పుడో చతికిలబడాలి. మాది అందుకు తలకిందులు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెన్నలా సాగేది, దిగి సిగ్నల్ దగ్గర నిలబడితే వణికేది. మొత్తం 21,500 పోశాక కూడా అదే వణుకు.

ఇన్నాళ్లూ మా అమ్మ ఒకే మాట అంటూ వచ్చింది. వ్యాన్‌లో ఆమెది ముందు సీటు, అంటే ఇంజిన్ మీదే సింహాసనం. “నా కింద ఏదో బుస కొడుతోందిరా. విజిల్ వేయబోయే ముందు కుక్కర్ చేసే చప్పుడులా ఉంది.” పాత బండి కదమ్మా అన్నాను నేను. ఇంజిన్ అన్నాక చప్పుడుండదా అమ్మా అన్నాడు మెకానిక్. ఆమె వాక్యంలో ‘మార్చి’ అన్న మాట లేదు, అందుకని ఎవరికీ వినిపించలేదు.

ఒక ఆదివారం విసుగెత్తి, ఇంటిముందే బండి స్టార్ట్ చేసి సీటు ఎత్తాను. అమ్మ తల వంచి వేలు చూపించింది. మూడో సిలిండర్‌కు గాలి వెళ్లే దారి పక్కన, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు తగిలించిన జానెడు రబ్బరు గొట్టం. ఇన్నేళ్ల వేడికి గట్టిపడి మడత దగ్గర నెర్రె విచ్చింది. తడిగుడ్డతో నొక్కిపట్టాను. బుస ఆగింది, వణుకూ ఆగింది. వినాయకుడు స్థిమితంగా కూర్చున్నాడు.

అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు. ఆక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, మానిఫోల్డ్ లోపల పీల్పు ఎక్కువ. చీలికలోంచి లెక్కలోకి రాని గాలి దూరి, మూడో సిలిండర్‌కు అందే పెట్రోలు మిశ్రమాన్ని పలచన చేస్తుంది. కాలు నొక్కితే అసలు దారిలోనే గాలి వెల్లువలా వస్తుంది, ఆ దొంగగాలి వాటా ఏ మూలకూ రాదు. అదే స్కానర్‌లో ఇంకో పేజీ ఉంటుంది, కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి పోస్తోందో చూపేది. ఆ అంకె బండి నిలబడ్డప్పుడు ఎక్కి, ఇంజిన్ వేగం పెంచగానే దిగివస్తే గాలి ఎక్కడో దూరుతోందని అనుమానించాలి. నాలుగు నెలల్లో ఆ పేజీ తెరిచిన చేయి లేదు. మీ పేరులో ‘చూద్దాం’ రెండో పదం కదా, మొదటి పదానికి బిల్లు కట్టాక గానీ దాని వంతు రాదు.

రాణీగంజ్‌లో గొట్టం 90 రూపాయలు. “దీంతోపాటు క్లిప్పులు కూడా మార్చి...” అంటూ కొట్టాయన మొదలుపెట్టాడు. మీరు అక్కడికి నాకంటే ముందే చేరారన్నమాట.

విప్పి తీసిన భాగాలన్నీ మెట్ల కింద సంచిలో ఉన్నాయి. పనిచేసేవే కాబట్టి దసరాకు ఆయుధపూజలో పెట్టమంది అమ్మ.

ఇట్లు,
నాలుగు మంచి కాయిళ్లకు కాపలాదారు

తా.క.: నిన్నటి నుంచి ఏసీలో చల్లదనం తగ్గింది. గుమ్మం దగ్గర మీరు చెప్పులు విప్పుతున్న అలికిడి నాకు తెలుస్తూనే ఉంది. కాస్త ఆగండి, అమ్మ ఇంకా చెవిపెట్టి వింటోంది.